పాత మెయిన్‌ఫ్రేమ్ లైన్లను కొత్త రూటర్ల మీదికి మార్చడం ఎలా? డెల్టా శాఖల కోసం సమగ్ర మార్గదర్శి

శాఖలో పాత 3174 కంట్రోలర్ (తెరలను, ప్రింటర్లను మెయిన్‌ఫ్రేమ్‌కు కలిపే ఐబీఎం పెట్టె) నడుస్తోంది. మెయిన్‌ఫ్రేమ్ హైదరాబాద్‌లో ఉంది. మధ్యలో ఉన్న, సెకనుకు 9,600 బిట్ల లీజు లైను ఇక ఉండదని ఉత్తరం వచ్చింది. ఇప్పుడేం చేయాలి? అమలాపురం వైపు నుంచి, భీమవరం వైపు నుంచి ఈ ప్రశ్న నన్ను చాలామంది అడిగారు. ఒక్కొక్కరికి ఒక్కో ముక్క చెప్పే బదులు అంతా ఒకచోట రాస్తున్నాను.

ఒక సంగతి ముందే చెప్పాలి. ఈ పనిలో ముప్పాతిక వంతు కాగితం మీదే జరుగుతుంది. రూటర్ ముందు కూర్చునేది కాసేపే. కాగితం పని ఎగ్గొట్టినవాళ్లే నాకు రాత్రి రెండు గంటలకు ఫోను చేస్తుంటారు.

ఉదాహరణకు ఇలా అనుకుందాం: హైదరాబాద్‌లో మెయిన్‌ఫ్రేమ్ పక్కన ఒక కేంద్ర రూటర్, అమలాపురం, రాజోలు, నరసాపురం, పాలకొల్లు, భీమవరం శాఖల్లో ఒక్కో చిన్న రూటర్.

1. ముందుగా దారి ఎంచుకోండి

పాత పరికరాలు మాట్లాడేది ఎస్‌ఎన్‌ఏ. 1974లో ఐబీఎం తెచ్చిన పద్ధతి అది. కొత్త రూటర్లు మోసేది ఐపీ. రెండింటినీ కలపడానికి పనికొచ్చే దారులు మూడు ఉన్నాయి. పనికిరాని నాలుగో దారి కూడా ఒకటుంది, అందరూ మొదట దాని వైపే వెళ్తారు.

మొదటిది టీఎన్3270ఈ. శాఖలో ఉన్నవి కేవలం తెరలు, ప్రింటర్లు అయితే కంట్రోలర్‌నే తీసేయవచ్చు. కంప్యూటర్‌లో ఎమ్యులేటర్ (పాత తెరలా నటించే ప్రోగ్రాము) పెట్టి నేరుగా మెయిన్‌ఫ్రేమ్‌లోని టెల్నెట్ సర్వర్‌కు వెళ్లవచ్చు. వీలుంటే ఇదే చేయండి. 2, 3, 4 అంశాలు చదివి నేరుగా 9వ అంశానికి వెళ్లండి.

రెండోది డీఎల్‌ఎస్‌డబ్ల్యూ, అంటే ఎస్‌ఎన్‌ఏ ఫ్రేములను టీసీపీ మీద మోసే పద్ధతి. ఎస్‌ఎన్‌ఏ తప్ప మరో భాష రాని పరికరం శాఖలో ఉండి తీరాలంటే ఇదే మార్గం. దీని నియమాలు 1995 నాటి ఆర్‌ఎఫ్‌సీ 1795లో ఉన్నాయి.

మూడోది ఎంటర్‌ప్రైజ్ ఎక్స్‌టెండర్. రెండు పెద్ద యంత్రాల మధ్య, లేదా ఏపీపీఎన్ (ఎస్‌ఎన్‌ఏలో తర్వాత వచ్చిన రూపం) తెలిసిన యంత్రానికీ మెయిన్‌ఫ్రేమ్‌కూ మధ్య వాడతారు. యూడీపీ 12000 నుంచి 12004 వరకు అయిదు పోర్టులూ తెరిచి ఉండాలి. శాఖలోని 3174కు ఇది పనికిరాదు కనుక ఇక్కడితో వదిలేస్తున్నాను.

నాలుగోది, వద్దనేది: శాఖ ఈథర్నెట్‌ను హైదరాబాద్ ఈథర్నెట్‌తో బ్రిడ్జి చేసి, రెండూ ఒకే తీగ మీద ఉన్నట్టు భ్రమ కల్పించడం. బల్ల మీద బాగానే పనిచేస్తుంది. ఊళ్లో పడిపోతుంది.

ఎందుకో తెలియాలంటే నరసాపురం రేవులో పంటు ఎక్కే లారీని తలచుకోండి. సరుకు దించరు, లారీని లారీగానే సఖినేటిపల్లి గట్టుకు దాటిస్తారు. ఎస్‌ఎన్‌ఏ ఫ్రేము లారీ అయితే టీసీపీ పంటు. డీఎల్‌ఎస్‌డబ్ల్యూలో ఇంకో సదుపాయం కూడా ఉంది: లారీ పంటు ఎక్కగానే ఈ గట్టునే రసీదు ఇచ్చేస్తారు. పంపినవాడు అవతలి గట్టు కబురు కోసం ఎదురుచూడనక్కర్లేదు. బ్రిడ్జింగ్‌లో ఆ రసీదు అవతలి గట్టు నుంచే రావాలి. ఈథర్నెట్ మీద ఎస్‌ఎన్‌ఏ ఫ్రేములను మోసి, రసీదు అడిగే పద్ధతి ఎల్‌ఎల్‌సీ2. దానికి ఓపిక తక్కువ. సాధారణంగా ఒక సెకను చూస్తుంది, మళ్లీ అడుగుతుంది, కొన్నిసార్లు అడిగి సెషన్ తెంపేస్తుంది. దారిలో ఎక్కడో రద్దీ పెరిగి జవాబు ఆలస్యమైతే, లైను బాగానే ఉన్నా తెరలన్నీ ఒకేసారి ఖాళీ అవుతాయి.

2. జాబితా రాయండి

ప్రతి శాఖకూ ఒక పేజీ. ఊహించి రాయకండి, పరికరం దగ్గరికి వెళ్లి చూసి రాయండి.

☐ కంట్రోలర్ రకం, దానికి తగిలించిన తెరలు, ప్రింటర్లు
☐ పీయూ (ఎస్‌ఎన్‌ఏ లెక్కలో కంట్రోలర్) రకం: 2.0 లేదా 2.1
☐ ఎస్‌డీఎల్‌సీ (లీజు లైను మీద ఎస్‌ఎన్‌ఏ నడిచే పద్ధతి) స్టేషన్ చిరునామా (చాలాచోట్ల సీ1 ఉంటుంది)
☐ లైను మీద బిట్లను పంపే తీరు: ఎన్‌ఆర్‌జెడ్ లేదా ఎన్‌ఆర్‌జెడ్‌ఐ
☐ వేగం, హాఫ్ డూప్లెక్స్ లేదా ఫుల్ డూప్లెక్స్
☐ కేబుల్ కొన: వీ.35 లేదా ఆర్‌ఎస్-232
☐ ఒక్కసారి పంపగల గరిష్ఠ పరిమాణం, అంటే వీట్యామ్‌లోని (మెయిన్‌ఫ్రేమ్‌లో ఎస్‌ఎన్‌ఏను నడిపే సాఫ్ట్‌వేర్) మ్యాక్స్‌డేటా విలువ
☐ ఏ ఎల్‌యూ (ఎస్‌ఎన్‌ఏ లెక్కలో ఒక్కో తెర లేదా ప్రింటరు) ఏ బల్ల మీద ఉంది, అది తెరా, ప్రింటరా
☐ రాత్రిపూట, నెలాఖరున, మార్చి 31న మాత్రమే నడిచే పనులు

చివరి గడిని ఖాళీగా వదిలేసేవాళ్లే ఎక్కువ. నెలకు ఒక్కసారి నడిచే ప్రింటరు మార్పిడి రోజున గుర్తుకు రాదు, నెలాఖరున వస్తుంది.

ఇక ఎక్స్‌ఐడీ. ఇందులో ఎనిమిది అంకెలు ఉంటాయి: మొదటి మూడు ఐడీబ్లాక్, తర్వాతి అయిదు ఐడీనంబర్. 3174 జాతికి ఐడీబ్లాక్ 017. పాత లీజు లైను మీద ఈ సంఖ్య అవసరమే పడి ఉండకపోవచ్చు, ఎందుకంటే అక్కడ ఏ తీగకు ఏ కంట్రోలర్ ఉందో ముందే రాసి ఉంచేవారు. ఇప్పుడు తీగ లేదు. కంట్రోలర్ కొత్తగా వచ్చి తలుపు తట్టిన అతిథి లెక్క, మెయిన్‌ఫ్రేమ్ పేరు అడుగుతుంది. ఆ పేరే ఎక్స్‌ఐడీ. పాత కాగితాల్లో అది దొరకలేదని కంగారుపడకండి, మీరే ఇవ్వాలి. అమలాపురానికి 01700101, రాజోలుకు 01700102, ఇలా వరుసగా ఇచ్చి ఒక పట్టికలో రాసి హైదరాబాద్ వాళ్లకు పంపండి. ఒకే సంఖ్య రెండు శాఖలకు పడకూడదు.

3. శాఖ గదిని సిద్ధం చేయండి

సముద్రానికి దగ్గరి శాఖల్లో ఉప్పుగాలి ఉంటుంది. చుట్టూ రొయ్యల చెరువులు ఉంటే చెప్పనక్కర్లేదు. ఒకచోట వీ.35 కొనను విప్పి చూస్తే పిన్నుల మీద పచ్చటి చిలుము పట్టి ఉంది, రెండు పిన్నులైతే వేలితో తాకగానే వంగిపోయాయి. పాత మోడెంతో ఏళ్ల తరబడి కదలకుండా ఉంది కనుక పనిచేసింది. మనం కదిపిన క్షణం చచ్చింది. అందుకే పాత కేబుల్‌ను కొత్త రూటర్‌కు తగిలించే ఆలోచన పెట్టుకోవద్దు. ప్రతి శాఖకూ కొత్త కేబుల్ ఒకటి, అదనంగా ఒకటి తీసుకెళ్లండి.

☐ ఎర్త్ కొలిపించండి. రూటర్, కంట్రోలర్, యూపీఎస్ మూడూ ఒకే ఎర్త్ మీద ఉండాలి. సీరియల్ కేబుల్ రెండు కొనలు వేర్వేరు ఎర్త్‌ల మీద ఉంటే పిడుగుల కాలంలో పోర్టు కాలుతుంది.
☐ వాడకంలో లేని పాత టెలిఫోను జతను గోడ దగ్గరే విప్పేయండి. పిడుగు లోపలికి వచ్చే దారి అదే.
☐ పెట్టెను నేల మీద పెట్టవద్దు. లంకలకు దగ్గరి శాఖల్లో గోడకు ఎత్తుగా బిగించండి.
☐ యూపీఎస్ బ్యాటరీ మీద ఎంతసేపు నిలుస్తుందో నిజంగా కరెంటు తీసి చూడండి.

4. ఐపీ దారిని ముందు నిలబెట్టండి

ఎస్‌ఎన్‌ఏ గురించి ఆలోచించకముందే శాఖ రూటర్ నుంచి కేంద్ర రూటర్‌కు ఐపీ దారి గట్టిగా ఉండాలి. దారులు రెండు కావాలి: ఒకటి ఫైబర్, రెండోది మొబైల్ నెట్‌వర్క్. మన దగ్గర వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు గట్ల వెంట యంత్రాలు దిగుతాయి. పూడికతో పాటు ఫైబర్ కూడా పైకి వస్తుంది. ఒకే కాలువ గట్టున పోయే రెండు ఫైబర్లను రెండు దారులుగా లెక్కపెట్టకండి.

☐ రెండు రూటర్లలోనూ ఒక్కో లూప్‌బ్యాక్ చిరునామా (ఏ తీగకూ కట్టుబడని, రూటర్ లోపలి చిరునామా) ఇవ్వండి. డీఎల్‌ఎస్‌డబ్ల్యూ పీర్‌గా (జోడీ రూటర్‌గా) చూపేది ఈ చిరునామానే, ఫైబర్ పోర్టు చిరునామా కాదు. అలా చేస్తే ఫైబర్ తెగి మొబైల్ దారికి మారినా టీసీపీ బంధం నిలుస్తుంది, తెర ముందున్న గుమస్తాకు తెలియను కూడా తెలియదు.
☐ టీసీపీ 2065, 2067 పోర్టులను రెండు వైపుల నుంచీ తెరిపించండి. ఫైర్‌వాల్ వాళ్లు ఒక వైపు తెరిచి పని అయిపోయిందంటారు, రెండో వైపూ చూపించమని అడగండి.
☐ దారిని ఐపీసెక్‌తో (ప్యాకెట్లను గుప్తంగా పంపే పద్ధతి) మూయండి. డీఎల్‌ఎస్‌డబ్ల్యూ తనంతట తాను దేన్నీ దాచదు, పాస్‌వర్డులతో సహా అన్నీ తేటతెల్లంగా పోతాయి.
☐ ఐపీసెక్ పెట్టాక ప్యాకెట్టును ముక్కలు చేయవద్దని చెప్పి పెద్ద పరిమాణంతో పింగ్ చేయండి. ఎంత పరిమాణం దాకా పోతోందో రాసుకోండి, ముందు ముందు అవసరం పడుతుంది.
☐ ఫైబర్ లాగి, రెండో దారికి మారడానికి ఎంత సమయం పట్టిందో గడియారం పెట్టి చూడండి.

5. మెయిన్‌ఫ్రేమ్ వైపు చేయించుకోవలసినవి

ఈ భాగం మీ చేతిలో ఉండదు. హైదరాబాద్‌లో వీట్యామ్ చూసే మనిషి చేయాలి. కానీ ఏమి అడగాలో మీకు తెలియాలి.

ఓఎస్‌ఏ కార్డు (మెయిన్‌ఫ్రేమ్ నెట్‌వర్క్ కార్డు) ఓఎస్‌ఈ రకంగా ఉండాలి. ఓఎస్‌డీ రకం ఐపీకి చాలా వేగంగా ఉంటుంది గానీ ఎల్‌ఎల్‌సీ2 ఫ్రేములను లోపలికి రానివ్వదు. ఓఎస్‌ఈ రాగి తీగల పోర్టు మీదే నడుస్తుంది కనుక స్విచ్‌లో కూడా రాగి పోర్టు ఖాళీగా ఉండాలి. అక్కడ ఫైబర్ పోర్టులే మిగిలి ఉన్నాయని చివరి రోజు తెలిస్తే ఒక వారం పోతుంది.

☐ ఎక్స్‌సీఏ మేజర్ నోడ్ (వీట్యామ్‌లో ఓఎస్‌ఏ కార్డు అమరిక): ఎస్‌ఏపీ (ఫ్రేము ఏ భాషదో చెప్పే సంఖ్య) విలువ 4, లైన్ల సంఖ్య కనీసం శాఖల సంఖ్యంత. అయిదు శాఖలకు నాలుగు లైన్లు ఇస్తే అయిదోది ఎప్పటికీ ఎక్కదు.
☐ స్విచ్డ్ మేజర్ నోడ్ (వీట్యామ్‌లో శాఖల కంట్రోలర్ల అమరిక): ఒక్కో శాఖకు ఒక్కో పీయూ, మీరు పంపిన పట్టికలోని ఐడీబ్లాక్, ఐడీనంబర్‌తో.
☐ ఎల్‌యూ పేర్లు పాతవే ఉంచమనండి. వాటిని పేరుతో గుర్తుపట్టే ప్రోగ్రాములు ఎక్కడున్నాయో ఎవరికీ గుర్తుండదు.
☐ ఓఎస్‌ఏ కార్డు మ్యాక్ చిరునామా (నెట్‌వర్క్ కార్డు గుర్తింపు సంఖ్య) రాతపూర్వకంగా తీసుకోండి. అది ఏ క్రమంలో రాసిందో కూడా అడగండి. ఎందుకో 8వ అంశంలో ఉంది.

6. రూటర్లను ఒకదానికొకటి పరిచయం చేయండి

కొనేముందే చూసుకోవాలి: రూటర్ సాఫ్ట్‌వేర్‌లో డీఎల్‌ఎస్‌డబ్ల్యూ ఉందా? కొత్త తరం రూటర్లలో చాలా వాటిలో లేదు. సీరియల్ పోర్టు ఉన్నంత మాత్రాన ఎస్‌డీఎల్‌సీ వస్తుందనీ అనుకోవద్దు. రెండు మాటలూ అమ్మేవాళ్ల చేత రాయించుకోండి.

క్రమం ఇది:

అ) రెండు వైపులా లూప్‌బ్యాక్‌ను స్థానిక పీర్‌గా ప్రకటించండి.
ఆ) శాఖ రూటర్‌లో కేంద్రాన్ని, కేంద్రంలో ఒక్కో శాఖను దూరపు పీర్‌గా రాయండి. ఎవరొచ్చినా చేర్చుకునే పద్ధతి ఒకటుంది, పని తగ్గుతుంది. నేను వాడను. ఎవరు ఎవరో తెలియాలి.
ఇ) శాఖకూ శాఖకూ మధ్య పీర్ పెట్టకండి. రాజోలుకు పాలకొల్లుతో పని లేదు.
ఈ) పీర్ల స్థితి చూపమని అడగండి. కనెక్ట్ అని రావాలి. రాకపోతే లూప్‌బ్యాక్ నుంచి లూప్‌బ్యాక్‌కు పింగ్ చేయండి, తర్వాత పోర్టులు చూడండి. ఎస్‌ఎన్‌ఏ ఇంకా రంగంలోకి రాలేదు కనుక తప్పు ఐపీలోనే ఉంటుంది.

మొదట రెండు టీసీపీ బంధాలు కనిపించి, కాసేపటికి ఒకటే మిగలవచ్చు. కంగారుపడకండి. రెండు రూటర్లూ ఒప్పందానికి వచ్చి ఒకదాన్ని మూసేస్తాయి.

వడపోత కూడా ఇక్కడే పెట్టండి. ఎస్‌ఏపీ విలువల్లో నెట్‌బయాస్ (కంప్యూటర్ల పాత నెట్‌వర్క్ పద్ధతి) వాడే ఎఫ్0ను ఆపండి, 04ను పోనివ్వండి. 00ను మాత్రం ఆపవద్దు. అవతలి మ్యాక్ ఎక్కడుందో వెతికే టెస్ట్ ఫ్రేములు 00 మీదే పోతాయి. 04 ఒక్కటే చాలుకదా అని మిగతావన్నీ మూసి, ఏమీ కనిపించడం లేదని తల పట్టుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను.

7. కంట్రోలర్‌ను సీరియల్ పోర్టుకు తగిలించండి

ఇక్కడ నిదానించండి. సగం కాలం ఇక్కడే పోతుంది.

మొదటి ప్రశ్న: క్లాక్ (బిట్లు నడిచే తాళం) ఎవరిస్తారు? ఇన్నాళ్లూ మోడెం ఇచ్చింది. మోడెం తీసేశాక ఆ పని రూటర్‌దే. అందుకు డీసీఈ కేబుల్ (క్లాక్ ఇచ్చే వైపుది) కావాలి, డీటీఈ కేబుల్ (క్లాక్ తీసుకునే వైపుది) కాదు. రెండూ చూడటానికి ఒకేలా ఉంటాయి, కొన మీది ముద్ర చదవండి. తర్వాత రూటర్‌లో క్లాక్ వేగం పాత లైను వేగానికే పెట్టండి. మొదటి రోజే 9,600ను 64,000 చేయాలని ఆశపడకండి. ముందు పాత వేగంతో లేవనివ్వండి.

రెండోది: పోర్టును ఎస్‌డీఎల్‌సీ ప్రైమరీగా పెట్టండి. ఇదివరకు హైదరాబాద్ చేసిన పలకరింపు ఇప్పుడు శాఖ రూటర్ చేస్తుంది. ‘సీ1, ఏమైనా ఉందా? సీ1, ఏమైనా ఉందా?’ అని రోజంతా అడుగుతూనే ఉంటుంది. ఆ అడగడం శాఖ గోడ దాటదు. లైను ఖర్చు తగ్గేది ఇక్కడే.

మూడోది: నకిలీ మ్యాక్. సీరియల్ పరికరానికి మ్యాక్ చిరునామా ఉండదు కనుక రూటర్ ఒకటి పుట్టిస్తుంది. సిస్కో పద్ధతిలో మీరు 4000.3174.0000 అని ఇస్తే చివరి రెండు అంకెల స్థానంలో స్టేషన్ చిరునామా చేరి 4000.3174.00సీ1 అవుతుంది. అందుకే చివర రెండు సున్నాలు వదలాలి. అన్ని శాఖల్లోనూ సీ1 ఉంటే మధ్య అంకెలు శాఖకొకటిగా మార్చండి, లేకపోతే అయిదు శాఖలకూ ఒకే మ్యాక్ పడుతుంది.

నాలుగోది: ఎక్స్‌ఐడీ. 2.0 రకం పాత కంట్రోలర్ తరఫున రూటరే జవాబు చెప్పాలి, అందుకే పట్టికలోని సంఖ్యను ఇక్కడ రాయాలి. 2.1 రకం అయితే పరికరమే చెప్పుకుంటుంది.

అయిదోది: భాగస్వామి, అంటే మెయిన్‌ఫ్రేమ్ మ్యాక్. ఆ తర్వాత సీ1ను డీఎల్‌ఎస్‌డబ్ల్యూకు అప్పగించండి.

ఇప్పుడు పోర్టు స్థితి చూడండి. మూడు మాటలు తెలిస్తే చాలు.

ఎస్‌ఎన్‌ఆర్‌ఎం సెంట్: రూటర్ పలకరించింది, కంట్రోలర్ పలకలేదు. తప్పు శాఖలోనే ఉంది. కేబుల్, క్లాక్, ఎన్‌ఆర్‌జెడ్‌ఐ, స్టేషన్ చిరునామా, ఈ వరుసలోనే చూడండి. హైదరాబాద్‌కు ఫోను చేయవద్దు.

యూఎస్ బిజీ: కంట్రోలర్ పలికింది, మెయిన్‌ఫ్రేమ్ దాకా దారి పడలేదు. మీ కేబుల్ బాగుంది, దాన్ని కదపకండి. తప్పు పీర్‌లోనో, మ్యాక్‌లోనో, ఎక్స్‌ఐడీలోనో, వీట్యామ్‌లోనో ఉంది.

కనెక్ట్: అయింది. టీ తాగవచ్చు.

8. ఈథర్నెట్ వైపు: తిరగబడే మ్యాక్

ఈ ఒక్క విషయం తెలియక పోయిన రాత్రుల లెక్క లేదు. టోకెన్ రింగ్ (ఐబీఎం పాత నెట్‌వర్క్ పద్ధతి), ఈథర్నెట్ రెండూ ఒకే చిరునామాను వేర్వేరు క్రమంలో రాస్తాయి. ప్రతి బైటులోని ఎనిమిది బిట్లు అటునుంచి ఇటు తిరగబడతాయి. బైట్ల వరుస మారదు, బైటు లోపలి బిట్ల వరుస మారుతుంది.

ఓఎస్‌ఏ కార్డు ఈథర్నెట్ మీద ఉంది. అక్కడివాళ్లు ఇచ్చిన చిరునామా 0200.0804.0080 అనుకుందాం. డీఎల్‌ఎస్‌డబ్ల్యూ ఆలోచించేది టోకెన్ రింగ్ క్రమంలో. కాబట్టి ఒక్కో బైటునూ తిప్పాలి:

02 అంటే 00000010. తిప్పితే 01000000, అంటే 40.
00 తిప్పినా 00.
08 అంటే 00001000. తిప్పితే 00010000, అంటే 10.
04 అంటే 00000100. తిప్పితే 00100000, అంటే 20.
80 అంటే 10000000. తిప్పితే 00000001, అంటే 01.

శాఖ రూటర్‌లో భాగస్వామిగా రాయవలసింది 4000.1020.0001. 40తో మొదలైతే టోకెన్ రింగ్ క్రమం, 02తో మొదలైతే ఈథర్నెట్ క్రమం అని గుర్తు పెట్టుకుంటే చాలావరకు తప్పదు. కాగితం మీద రెండు రూపాలూ పక్కపక్కన రాసి అంటించండి.

శాఖలోనే ఎస్‌ఎన్‌ఏ మాట్లాడే ఈథర్నెట్ పరికరం ఉంటే మరో రెండు సంగతులు. ఫ్రేము రూపం 802.3 ఉండాలి. కొన్ని పాత పరికరాలు ఎస్‌ఎన్‌ఏను ఈథర్నెట్ రెండో రూపంలో పంపుతాయి, వాటి అమరిక మార్చాలి. ఇక రెండోది ప్రమాదకరమైనది: ఒకే ఈథర్నెట్ మీద రెండు డీఎల్‌ఎస్‌డబ్ల్యూ రూటర్లను బ్రిడ్జి సమూహంలో పెట్టవద్దు. టోకెన్ రింగ్‌లో ప్రతి ఫ్రేమూ తాను వచ్చిన దారిని వెంట మోస్తుంది కనుక తిరిగి రాదు. ఈథర్నెట్‌లో ఆ గుర్తు లేదు. వెతుకులాట ఫ్రేములు ఒక రూటర్‌లో దూరి రెండో రూటర్‌లోంచి బయటికొచ్చి గిరగిరా తిరుగుతాయి. రెండో రూటర్ కావాలంటే ఈ పరిస్థితి కోసమే ఉన్న ప్రత్యేక అమరికతో పెట్టండి, లేదా అదనపు రూటర్‌ను విడిగా ఉంచండి.

అతిపెద్ద ఫ్రేము పరిమాణం ఈథర్నెట్‌కు సరిపడేలా 1500 లోపే ఉంచండి. టోకెన్ రింగ్ రోజుల నాటి పెద్ద విలువలు పాత కాగితాల్లో ఉంటాయి, వాటిని కాపీ చేయకండి.

9. టీఎన్3270ఈ దారి పట్టినవాళ్లకు

పోర్టు 23 వద్దు, భద్రత ఉన్న 992 అడగండి. చివరన ‘ఈ’ ఉందా లేదా చూడండి: ప్రింటర్లు, ఎల్‌యూ పేరు అడిగి తీసుకోవడం ఆ ‘ఈ’తోనే వచ్చాయి. ఒక్కో కంప్యూటర్‌కు ఏ ఎల్‌యూ ఇవ్వాలో సర్వర్‌లో రాయించండి, లేకపోతే కౌంటర్ల పేర్లు రోజూ మారిపోతాయి. కోడ్ పేజీ (అక్షరాల సంకేత పట్టిక) కూడా రెండు వైపులా ఒకటే ఉండాలి.

మీట పలక సంగతి ఎవరూ చెప్పరు. చాలా ఎమ్యులేటర్లలో ఎంటర్ పనిచేసేది కుడివైపు కంట్రోల్ మీటతో. పెద్ద ఎంటర్ మీట కొత్త వరుసకు తీసుకెళ్తుంది, అంతే. పాలకొల్లులో ఒక క్యాషియర్ గారు పొద్దుటి నుంచి ఎంటర్ కొడుతూ ‘సార్, మీ కొత్త లైను కదలడం లేదండీ’ అన్నారు. లైను బాగానే ఉంది. మీట మార్పు ముందు రోజే చేసి, ఒక్కొక్కరి చేత పది లావాదేవీలు కొట్టించండి.

10. లక్షణం చూసి మందు

పీర్ కలిసింది, సర్క్యూట్ (కంట్రోలర్ నుంచి మెయిన్‌ఫ్రేమ్ దాకా బంధం) అసలు పుట్టలేదు: మ్యాక్ తిరగబడింది, లేదా 00 మూసుకుపోయింది.

సర్క్యూట్ ఏర్పడింది కానీ ‘కనెక్టెడ్’ దాకా రాలేదు: దారి ఉంది, మెయిన్‌ఫ్రేమ్ పేరు ఒప్పుకోలేదు. ఎక్స్‌ఐడీ సంఖ్యను వీట్యామ్‌లోని దానితో ఒక్కో అంకె చదివి పోల్చండి. పీయూ అసలు యాక్టివేట్ అయిందా అడగండి.

ఒక శాఖ లేస్తే ఇంకోటి లేవదు: ఒకే ఐడీనంబర్, లేదా ఒకే నకిలీ మ్యాక్. ఒక శాఖ అమరికను ఇంకో శాఖకు కాపీ చేశారన్నమాట.

చిన్న తెరలు వస్తాయి, పెద్ద నివేదిక దగ్గర ఆగిపోతుంది: పరిమాణం సమస్య. 4వ అంశంలో రాసుకున్న పింగ్ పరిమాణం తీయండి.

మధ్యాహ్నం పూట నెమ్మదిస్తుంది: అదే దారి మీద కెమెరాల వీడియో పోతోంది. 2065కు ముందు వరుస ఇవ్వండి.

వాన పడితే సెషన్లు తెగుతాయి: ఎర్త్, చిలుము, గోడ బయటి పెట్టె. సాఫ్ట్‌వేర్ జోలికి పోవద్దు.

11. మార్పిడి రోజు

రోజు ఎంపికలోనే సగం గెలుపు ఉంది. జులై నుంచి సెప్టెంబరు దాకా కోనసీమ శాఖలకు తేదీ పెట్టకండి. ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది ఇస్తారు. మొదటిది వచ్చాక అమలాపురానికి సామాను పట్టుకుని బయలుదేరడం తెలివైన పని కాదు. నవంబరు తుపాన్ల నెల. నాకు అచ్చొచ్చినవి జనవరి, ఫిబ్రవరి. నెలాఖరు వారం వదిలేసి, శనివారం సాయంత్రం మొదలుపెట్టండి.

☐ ఒక్క రోజు ఒక్క శాఖ. ముందు అతి చిన్న శాఖ.
☐ పాత అమరిక కాగితం, ఫోటో రెండూ చేతిలో ఉండాలి.
☐ వీట్యామ్ మనిషి ఫోనులో దొరకాలి, ‘చూస్తాం’ అన్న మాట చాలదు.
☐ వెనక్కి వెళ్లే గడువు ముందే రాసుకోండి. ఆదివారం మధ్యాహ్నం 3 గంటలకు లేవకపోతే పాత లైను తగిలించడమే. ‘ఇంకో పది నిమిషాలు’ అనవద్దు.
☐ లేచాక ప్రతి తెర, ప్రతి ప్రింటరు మీద ఒక నిజమైన పని చేయించండి. రూటర్‌లో కనెక్ట్ అని కనిపించడం సాక్ష్యం కాదు.
☐ ఫైబర్ లాగి, తెరలు నిలిచాయో లేదో చూడండి. కంట్రోలర్ కరెంటు తీసి మళ్లీ పెట్టండి, ఎవరూ ముట్టుకోకుండా తనంతట తాను లేవాలి.

పాత లైనును ఆ రాత్రే రద్దు చేయించకండి. రెండు నెలాఖర్లు దాటనివ్వండి. మార్చి దగ్గర్లో ఉంటే ఏప్రిల్ మొదటి వారం దాకా ఆగండి. ఒకచోట అటెండర్ గారు మోడెం ఖాళీగా ఉందని తుడిచి, చుట్టి, అల్మారాలో భద్రం చేశారు. తాళంచెవి సెలవు మీద వెళ్లినాయన దగ్గర ఉండిపోయింది. అందుకే పాత మోడెం మీద పెద్ద అక్షరాలతో ‘ముట్టుకోవద్దు’ అని తేదీతో సహా అంటించండి. ఆ తేదీ దాటాక కేబుల్ విప్పి, కొనకు శాఖ పేరు, స్టేషన్ చిరునామా రాసిన చీటీ కట్టి అట్టపెట్టెలో వేయండి.